ఏ సంవత్సరం కాగితమో అడగండి
(ఒంగోలులో చిన్న పరిశ్రమల వారి సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్నవారి పేర్లన్నీ చీటీ రాసిచ్చారు. అందరూ మీకు తెలిసినవాళ్ళే కాబట్టి చీటీ పక్కన పెడుతున్నాను. పెద్దలు ఏమీ అనుకోవద్దు.

సోలార్‌కు ప్రభుత్వం ఇచ్చే సాయం గురించి చెప్పమన్నారు. టీవీలో రోజూ వినపడే 78 వేల రూపాయల సబ్సిడీ ఇళ్ళకు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం అది. మొదటి రెండు కిలోవాట్లకు తలా 30 వేలు, మూడోదానికి 18 వేలు, అక్కడితో సరి. అపార్టుమెంట్ల సంఘాలకు లిఫ్టు, నీళ్ళ మోటారు వంటి వాటి కోసం కిలోవాటుకు 18 వేలు ఇస్తారు. మీ గ్రానైట్ ఫ్యాక్టరీకి, రైసు మిల్లుకు, మా వృద్ధాశ్రమానికి మాత్రం అందులో ఒక్క రూపాయి లేదు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వినండి. మా ఆశ్రమానికి ఒకాయన రంగుల కరపత్రం పట్టుకుని వచ్చాడు. "ట్రస్టులకు 30 శాతం గవర్నమెంటు ఇస్తుందమ్మా, మిగతాది మీరు కట్టుకుంటే చాలు" అన్నాడు. "ఇది ఏ సంవత్సరం కాగితం అబ్బయ్యా?" అని అడిగాను. కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ 30 శాతం కట్టుకథ కాదు, ఒకప్పుడు నిజంగానే ఉండేది. డాబా సోలార్‌కు కేంద్రం పెట్టిన పథకం మొదటి దశలో ఇళ్ళతో పాటు బళ్ళకు, ఆస్పత్రులకు, అనాథాశ్రమాలకు, వృద్ధాశ్రమాలకు కూడా ఇచ్చేవారు. 2019లో రెండో దశ పెట్టి ఆ డబ్బును ఇళ్ళకే పరిమితం చేశారు. మా కమిటీలో మగవాళ్ళకు ఆయన మాటతీరు నచ్చింది, నా ప్రశ్న నచ్చలేదు. అడ్వాన్సు ఇచ్చేశారు.

సరే, ప్యానెళ్ళు డాబా ఎక్కాయి. నెట్ మీటరు, అంటే లోపలికొచ్చే కరెంటును, బయటికి పోయేదాన్ని విడిగా లెక్కపెట్టేది, తర్వాత వస్తుంది, ఈలోపు స్విచ్ వేసుకోండి అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. ఆ నెల బిల్లు పెరిగింది. నవ్వకండి! సోలార్ పెట్టాక కరెంటు బిల్లు పెరిగిన భవనం మీరెక్కడైనా చూశారా? లైన్‌మాన్ వచ్చి చూసి చెప్పాడు. మామూలు డిజిటల్ మీటర్లలో చాలావాటికి కరెంటు లోపలికొచ్చినా, బయటికి పోయినా ఒకటే, రెండూ వాడకం కిందే లెక్క. మేం లైనుకు ఇచ్చిన కరెంటుకు మేమే డబ్బు కట్టామన్నమాట. డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, దాని అనుమతి, రెండు వైపులా లెక్క చూపే ఆ నెట్ మీటరు, ఈ రెండూ వచ్చాకే స్విచ్ వేయాలి. అవి వచ్చేదాకా ఆపేశాం. రోహిణి కార్తె ఎండంతా ప్యానెళ్ళ మీద, కింద ఫ్యాన్లకు మాత్రం కొన్న కరెంటు. 30 శాతం సంగతి అడుగుదామంటే ఆయన ఫోను ఎత్తడు.

మీ సంగతికి వస్తాను. మీకు సబ్సిడీ లేదు గానీ దారి ఉంది. సోలార్ మీద ఇన్‌కమ్ ట్యాక్సులో ఏడాదికి 40 శాతం డిప్రిసియేషన్, అంటే వస్తువు తరుగు కింద ఖర్చు, చూపించుకోవచ్చు. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడు సగమే వస్తుంది, కాబట్టి దసరా దాకా నాన్చకుండా సెప్టెంబరులోపు బిగించుకోండి. మీ ఆడిటరు ఈపాటికే చెప్పి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ళ మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి దిగింది. చీమకుర్తి వైపు వాళ్ళు కొటేషన్‌లో కడగడానికి నీళ్ళ పైపు కూడా రాయించండి, రాతి దుమ్ము పేరుకుంటే యూనిట్లు పడిపోతాయి. సముద్రం దగ్గరివాళ్ళు స్టాండ్లకు జింకు పూత గట్టిగా ఉందో లేదో చూడండి, ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు.

మరి ట్రస్టు సంగతేమిటి? డిప్రిసియేషన్ అనేది పన్ను కట్టేవాడికి లాభం. పన్నే లేని ఆశ్రమానికి దానితో ఏం ఒరుగుతుంది? ఒక కిలోవాటు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, అదీ పగలే. పగలు ఇంట్లో అందరూ పనికి, బడికి పోతారు, అక్కడ తయారైన కరెంటు లైనుకు పోతుంది. మా దగ్గర మంచం దిగలేని పెద్దవాళ్ళకు పగలంతా ఫ్యాను తిరగాలి. ఇరవై నాలుగ్గంటలూ మనుషులుండే చోటికి సాయం ఆపేసి, పగలు తాళం వేసే ఇంటికి ఇవ్వడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. ఇళ్ళకు తీసేయమనడం లేదు, మాకూ ఇమ్మంటున్నాను.

2013 కంపెనీల చట్టం కింద, ఏడాది నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సేవకు ఖర్చు పెట్టాలి. అలాంటి కంపెనీల వాళ్ళు ఈ హాల్లో ఉన్నారా? మెడికల్ క్యాంపులు, బ్యానర్లు చాలు గానీ, ఈ ఏడాది ఏదైనా ఒక హాస్టలు డాబా మీద పది కిలోవాట్లు పెట్టించండి. వెయ్యి చదరపు అడుగులు నీడ పడకుండా ఉంటే సరిపోతుంది. నెట్ మీటరు వచ్చాకే ఫొటో దిగండి.

మొదటి దశలో ఇచ్చిన 30 శాతం సేవాసంస్థలకు మళ్ళీ ఇమ్మని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖకు అర్జీ రాశాను, తలుపు దగ్గర బల్ల మీద ఉంది. మా ఒక్క ఆశ్రమం సంతకానికి విలువ ఉండదు, మీ సంఘం పేరుతో వెళ్తే చదువుతారు. భోజనాలు ఎక్కడికీ పోవు, ముందు సంతకాలు కానివ్వండి. సెక్రటరీ గారూ, సంఘం సీలు వెంట తెచ్చారా?