కంచంలో అన్నం పక్కన ఏముంది?

(పోషణ మాసం సందర్భంగా జహీరాబాద్ ప్రాంతంలోని ఒక గ్రామ మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘం అక్కలకు, చెల్లెళ్ళకు, అంగన్‌వాడీ టీచరమ్మకు, ఆశా అక్కకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ అన్నలకు నమస్కారం. అన్నలు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి. ఈ రోజు చెప్పే మాటల్లో సగం మీకోసమే.

పోషకాహారం మీద ఉపన్యాసం అనగానే ఏం చెబుతారో మీకు ముందే తెలుసు. ఆకుకూరలు తినండి, గుడ్డు తినండి, పాలు తాగండి అంటారు. మీరు చప్పట్లు కొడతారు, మేము కారెక్కి వెళ్ళిపోతాం. ఆకుకూర మంచిదని తెలియని మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ ఉండరు. అందుకని నేను ఒక పాత జబ్బు సంగతితో మొదలుపెడతాను.

ఇప్పుడు ఎక్కడ చూసినా చిరుధాన్యాల మాటే. మన తాతల కాలంలో జొన్న తిన్నారు, సజ్జ తిన్నారు, రోగాలు లేకుండా ఉక్కులా బతికారు అంటారు. ఇందులో కొంత నిజం, చాలా మరుపు ఉన్నాయి. అరవై డెబ్భై ఏళ్ళ కిందట ఈ దక్కను పీఠభూమిలోనే, పూటపూటకూ జొన్న తప్ప మరొకటి దొరకని పేదవాళ్ళలో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలే చోటల్లా, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులుగా ఊడిపోయేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చలించేది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు ఈ జబ్బు వెంటపడ్డారు. జొన్న మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం వల్ల నియాసిన్ అనే బి విటమిన్ ఒంటికి సరిగా అందడం లేదని 1960 ప్రాంతంలో వాదించారు. అదే జొన్నరొట్టెతో పాటు పప్పు, పాలు, అప్పుడప్పుడు మాంసం తినగలిగిన ఇళ్ళను ఈ జబ్బు పెద్దగా ముట్టుకోలేదు.

తరువాత 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. జొన్న వెనక్కి పోయింది. నేను దాన్ని తిట్టను. ఆకలితో పడుకున్న ఇళ్ళు ఎన్ని ఉండేవో ఇక్కడి పెద్దమ్మలకు బాగా తెలుసు. అన్నం దొరికింది, పెల్లాగ్రా కూడా దాదాపు కనుమరుగైంది. కానీ కంచంలో మళ్ళీ ఒక్క గింజే కూర్చుంది. అప్పుడు జొన్న, ఇప్పుడు బియ్యం. అప్పటి జబ్బు చర్మం మీద కనిపించేది, ఇప్పటిది లోపల ఉంటుంది. రక్తం తక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి, ఆరు నెలలు దాటిన, అయిదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో ఇది 58.8 శాతం. మెట్లెక్కితే ఆయాసం, కలుపు తీస్తుంటే కళ్ళు తిరగడం, సాయంత్రానికి కాళ్ళు లాగడం, ఇవన్నీ పని ఎక్కువై వచ్చాయనుకుని సరిపెట్టుకుంటాం. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తం తక్కువ అని లెక్క.

దేశం మొత్తం మీద చూస్తే ఈ లోపం స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం. నెలనెలా పోయే రక్తం, కాన్పులు ఇందుకు కారణమే, కాదనను. మిగతాది వంటింట్లో వెతకాలి. అన్నలూ, ఇక్కడ వినండి. ఇంట్లో చివరికి కూర్చునేది ఎవరు? అప్పటికి అన్నం ఉంటుంది, కూర ఉండదు. అడుగంటిన గిన్నెలో నాలుగు మెతుకులు కలుపుకుని, ఇంత పచ్చడి వేసుకుని లేస్తుంది. అంటే ఆ ఇల్లాలు కడుపు నింపుకుంటుంది, ఒంటికి మాత్రం ఏమీ చేరదు. ఆరోగ్య లక్ష్మి పథకంలో గర్భిణులు, బాలింతలు అన్నం, పప్పు, గుడ్డు, పాలు అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చుని తినాలన్న నియమం ఎందుకు పెట్టారనుకున్నారు? గుడ్డు ఇంటికి చేరితే ఆమె నోటికి చేరదని తెలిసే పెట్టారు. ప్రభుత్వానికి తెలిసిన సంగతి మనకు తెలియదా? కూర పొయ్యి మీది నుంచి దించగానే ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గిన్నెల్లో పంచిపెట్టండి. ఎవరు ఎప్పుడు తిన్నా ఎవరి వాటా వారికి ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు. కొన్ని ఇళ్ళలో మాత్రం నాలుగు రోజులు గొడవ ఉంటుంది. ఓర్చుకోండి.

ఇక గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్ర. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని మాత్రగా వేసుకునే వీలు కలిగించినవాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తోడబుట్టినవాళ్ళు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోవడం చూసిన మనిషి ఆయన. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అంత దూరం వెళ్ళివచ్చిన మాత్రను మనం బియ్యం డబ్బా వెనక దాస్తున్నాం. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుందని కొందరు భయపడతారు. నల్లగానే వస్తుంది, అది ఇనుము రంగు. బిడ్డ నల్లగా పుడుతుందనేది ఒట్టి మాట. కడుపులో వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోండి, మానేయకండి. అన్నిటికంటే ముఖ్యం, చాయ్‌తో వేసుకోకండి. చాయ్‌లోని వగరు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. తిండికి ముందో గంట, తరువాతో గంట చాయ్ వద్దు. పప్పులో నిమ్మకాయ పిండుకోండి, జామకాయో ఉసిరికాయో కొరకండి. వాటిలోని సి విటమిన్ ఆకుకూరలోని ఇనుమును లోపలికి లాగుతుంది.

పిల్లలకు పాఠశాలలో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా ఇలాంటిదే. కొంకి పురుగు చెప్పుల్లేని పాదాల నుంచి ఎక్కి, పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. దానికి విందు పెడుతూ పిల్లకు రక్తం పట్టడం లేదంటే ఎలా?

బాలింత పథ్యం గురించి పెద్దమ్మలు కోపగించుకోకుండా వినాలి. కారప్పొడి, వెల్లుల్లి, అన్నం తప్ప ఏమీ పెట్టకపోవడం, నీళ్ళు కూడా కొలిచి పోయడం ఆపండి. పాలిచ్చే తల్లికి మామూలుకంటే ఎక్కువ తిండి కావాలి. ఆరు నెలలు నిండిన బిడ్డకు పప్పు మీది తేట పోస్తే అది నీళ్ళే. పప్పు, అన్నం మెత్తగా పిసికి, చెంచాడు నూనో నెయ్యో కలిపి, చెంచా వంచితే జారిపోనంత చిక్కగా పెట్టండి. అంగడిలో అయిదు రూపాయల పొట్లం కొనే చేత్తోనే పల్లీలు కొనవచ్చు.

ఆకుకూరలంటే సంతలో కట్టలు కట్టి అమ్మేవే కావు. ఈ నల్లరేగడి చేలలో విత్తకుండా మొలిచే పొన్నగంటి, గంగవాయిలి, దొగ్గలి, తుమ్మి ఎన్ని రకాలో మీ ముందు నేను పేర్లు చెప్పడం సాహసం. ఈ చుట్టుపక్కల పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఆ పేర్లు, ఆ రుచులు పోకుండా కాపాడుతూ వచ్చాయి. కానీ కలుపుమందు కొట్టిన చేలో అవి ఉండవు, ఉన్నా కోయకూడదు. చెరకు, పత్తి, అల్లం వేసే ప్రతి ఇంటివాళ్ళను మందు మానేయమని నేను అనలేను. గట్టు వెంట ఒక సాలు వదలమని మాత్రం అడుగుతాను.

అన్నలకు వేరుగా ఒక మాట. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ బీపీ, షుగరు చూపించుకోండి. గుట్కా మానండి. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. పచ్చడిలోదీ, అప్పడంలోదీ అందులోకే వస్తుంది.

ఇక పప్పు లెక్క. రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం, అదీ ఇప్పుడు సన్నబియ్యం వస్తున్నాయి. రోజుకు 200 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు మనిషికి రోజుకు చెప్పిన ధాన్యం 250 గ్రాములు. అంటే గింజ దాదాపు సరిపోయింది. అదే కంచంలో పప్పు, గుడ్డు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు ఉండాలన్నారు. పప్పుతోనే సరిపెట్టుకుంటే నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలు. మనం ఎంత కొంటున్నామో ఎవరింటి లెక్క వాళ్ళకు తెలుసు. పక్కనున్న తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశమంతా ఆ పప్పు కోసం చూస్తుంది. మన చేలలోనూ కంది పండుతుంది. కోత అయిన వారానికే బస్తాలన్నీ మార్కెట్‌కు వెళ్తాయి, ఉగాది నాటికి అదే పప్పును కిలోల లెక్కన దుకాణంలో కొంటాం.

ఈ చుట్టుపక్కల సంఘాల అక్కలు వెనకటికి బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్ళోనే నిలవ చేసి, పేద ఇళ్ళకు తక్కువ ధరకు అమ్మారు. కందితో ఆ పని ఎందుకు చేయకూడదు? కంది వేసిన ప్రతి ఇల్లు ఒక యాభై కిలోల బస్తా అమ్మకుండా ఉంచితే ముప్పై కిలోలకు పైగా పప్పు వస్తుంది. భూమి లేని సభ్యులకోసం సంఘం తన పొదుపు డబ్బుతో కోతల సమయంలోనే కంది కొని, పప్పు పట్టించి, నెలనెలా వాయిదాల మీద ఇవ్వవచ్చు. అప్పు ఇచ్చి వసూలు చేయడం మీకు కొత్త కాదు. కోతలకు ఇంకా మూడు నాలుగు నెలల గడువుంది. ఎన్ని ఇళ్ళు, ఎన్ని బస్తాలు, పప్పు ఎక్కడ పట్టించాలి, నిలవకు గది ఎవరిస్తారు, ఈ నాలుగు సంగతులు వచ్చే సమావేశంలో తేల్చి తీర్మానం పుస్తకంలో రాయండి. ఇప్పుడు మీ అనుమానాలు అడగండి. అవతల వరండాలో ఏఎన్ఎం అమ్మ రక్తపరీక్షకు సిద్ధంగా ఉంది. పరగడుపున ఉండనక్కరలేదు.