బూటు బిగిసిందని పిల్లలు చెప్పరు

(తెర మీద: కోనసీమలో ఓ కాలవ గట్టు. బడి వదిలారు. బూట్లు చేత్తో పట్టుకుని బురదలో నడిచొస్తున్న పిల్లలు.)

జూన్‌లో బడి తెరిచినప్పుడు వేసిన కొత్త బూట్లు ఒక్కోసారి సంక్రాంతి దాకా కూడా రావు. బిగిశాయని పిల్లలు చెప్పరు. ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి కదండీ, వేళ్లు ముడుచుకుని సర్దుకుపోతారు. మనమే చూసుకోవాలి.

(దగ్గరగా: గచ్చు మీద తెల్ల కాగితం, దాని మీద పాప పాదం, చుట్టూ పెన్సిల్ గీత.)

సాయంత్రం కొలవండి, పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. పిల్లని నిలబెట్టి రెండు పాదాలూ గీయండి. ఒకటి కొంచెం పెద్దగా ఉండటం మామూలే, ఆ పెద్దదాని కొలతే తీసుకోండి. కాగితం కత్తిరించి, బూటు లోపలి అట్ట బయటికి తీసి దాని మీద పెట్టండి. అన్నిటికంటే పొడవైన వేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు, అంటే మీ చిటికెన వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ‘ఏడాదంతా రావాలి’ అని రెండు సైజులు పెద్దవి కొని ముందు దూది కుక్కితే, కాలు జారి మడమ ఒరుసుకుంటుంది. బొబ్బలు ఖాయం.

(తెర మీద: మునివేళ్ల మీద నిలబడ్డ బాబు.)

‘మావాడి అరికాలు చదునుగా ఉందండీ’ అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. పసివయసులో అరికాలి కొవ్వు వల్ల వంపు కనపడదు. ఆరేడేళ్లకి, కొందరికి పదేళ్లకి ఏర్పడుతుంది. ఇలా నిలబెడితే వంపు కనిపించి, నొప్పి కూడా లేదంటే ప్రత్యేక బూట్లకి వేలు పోయక్కర్లేదు. నొప్పి ఉన్నా, కుంటుతున్నా, ఒక్క పాదమే చదునుగా ఉన్నా ఎముకల డాక్టరుకి చూపించండి.

నన్నడిగితే మన డెల్టాలో అసలు బెడద తడి. ముసురు రోజుల్లో పొద్దున తడిసిన సాక్సు సాయంత్రం దాకా కాలికే ఉంటుంది. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, దురద మొదలవుతుంది. స్నానం చేయించాక ఆ సందు పొడిగా తుడవండి. బడి సంచిలో ఇంకో జత సాక్సులు పెట్టండి. తడి బూట్లలో పాత పేపరు ఉండలు చుట్టి కుక్కి, ఫ్యాను కింద ఉంచండి.

ఇంట్లో వట్టికాళ్లతో తిరగనివ్వండి, పాదాలకి మంచిదే. కాలవ గట్లకి మాత్రం చెప్పులుండాలి. మలం కలిసిన తడిమట్టిలో ఉండే కొంకి పురుగు పిల్లలు చర్మంలోంచే ఒంట్లోకి దూరతాయి, తర్వాత రక్తం తగ్గిపోతుంది. ఫిబ్రవరి, ఆగస్టుల్లో బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఇందుకే. ఆ రోజు బడి మాన్పించకండి.