మేనేజర్ లెక్క ఒకటి, టీం లెక్క ఒకటి

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: నమస్కారం. "నా టీంతో నాకే ఇబ్బందీ లేదు" అనే మేనేజర్లు మాదాపూర్ నుంచి జీడిమెట్ల దాకా ఎక్కడైనా కనిపిస్తారు. టీంని అడిగితే వేరే మాట చెప్తారు. ఎందుకండీ ఈ తేడా?

హెచ్‌ఆర్ శిక్షకురాలు: ఇది పాత విషయమేనండీ. 1988లో హారిస్, షాబ్రాక్ అనే ఇద్దరు పరిశోధకులు చాలా అధ్యయనాల్ని కలిపి చూశారు. బాస్ ఇచ్చిన రేటింగ్‌కీ, తోటివాళ్లు ఇచ్చినదానికీ పొత్తు బాగానే కుదిరింది, సహసంబంధం 0.62 (రెండూ పూర్తిగా కలిస్తే 1, అసలు పొంతన లేకపోతే 0). మనిషి తనకు తాను వేసుకున్న మార్కులకీ బాస్ మార్కులకీ మధ్య అది 0.35 మాత్రమే. అంటే చుట్టూ ఉన్నవాళ్లకి మనం చాలావరకు ఒకేలా కనిపిస్తున్నాం. తేడా ఎక్కువగా మన లెక్కలోనే వస్తోంది.

సాఫ్ట్‌వేర్ మేనేజర్: ఒక్క మాట మేడమ్. టీం కోసం క్లయింట్‌తో మేమెంత పోట్లాడతామో వాళ్లు చూడరు కదా!

శిక్షకురాలు: చూడరు, నిజమే. మరి వాళ్లు చూసేదేంటి? ఒక ఆఫీసు మీటింగ్‌లో వెనక కూర్చున్నాను. చివర్లో మేనేజర్ "ఎనీ డౌట్స్?" అన్నారు. అంటూనే ల్యాప్‌టాప్ మూసి ఛార్జర్ వైరు చుట్టేస్తున్నారు. ఒకమ్మాయి చెయ్యి సగం లేపి దించేసింది. తర్వాత ఫారంలో "అందరి మాటా వింటాను" అన్నచోట ఆయన ఐదుకి ఐదు వేసుకున్నారు. అబద్ధమేం కాదు, ఆయన అడిగారు. ఆ చెయ్యే చూడలేదు.

ఫ్యాక్టరీ సూపర్‌వైజర్: మా దగ్గరా అంతేనండీ. కొత్త కుర్రాడు లేత్ మీదుంటే, సాయంగా ఉందామని వెనక నిలబడతాం. తప్పు పట్టడానికి వచ్చామని వాడికి చేతులు వణుకుతాయి.

వ్యాఖ్యాత: 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్, అంటే పైవాళ్లు, తోటివాళ్లు, కిందివాళ్లు అందరూ మార్కులు వేసే పద్ధతితో ఇదంతా బయటికొస్తుందా? కేంద్రంలో సీనియర్ అధికారుల ఎంపికకు వాడితే, పారదర్శకత లేదని 2017లో పార్లమెంటరీ కమిటీయే తప్పుపట్టింది కదా.

శిక్షకురాలు: ప్రమోషన్‌కి ముడిపెడితే రాసేవాళ్లు జంకుతారు. పేరు బయటికి రాకూడదు. కనీసం ముగ్గురు రాస్తేనే కిందివాళ్లు వేసిన మార్కులు మేనేజర్‌కి చూపించడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. ఇద్దరే అయితే ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. ఆపైన ఆ టెన్షన్ పడేది వాళ్లే.

మేనేజర్: మార్కులు తక్కువొస్తే?

శిక్షకురాలు: సగటు చూసి కుంగిపోకండి సర్. మీకూ వాళ్లకీ బాగా తేడా వచ్చిన ఒక్క ప్రశ్న తీసుకోండి. "ఇందులో నేనేం మానేయాలి?" అని టీంని అడగండి. ఎవరూ వెంటనే మాట్లాడరు. ఆగండి. మీ వైపు నుంచి సంజాయిషీ మొదలుపెట్టొద్దు.

సూపర్‌వైజర్: ఎంతసేపు ఆగాలమ్మా?

శిక్షకురాలు: ఒకరు నోరు విప్పేదాకా. ముందు ఏసీ గురించో, క్యాంటీన్ గురించో చెప్తారు. అదీ రాసుకోండి, ఆ వారంలోనే సరిచేయండి. అసలు సంగతి ఆ తర్వాతి మీటింగ్‌లో చెప్తారు.