గుర్రం పిట్టకథ

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ వదిలేసి, ఒక వీడియో గేమ్ నవల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకు కొంచెం అనుమానంగానే ఉంది. ఫ్యాన్ కింద కాసేపు కూర్చుందామని వచ్చినవాళ్లుంటే ఫరవాలేదు, కూర్చోండి.

పుస్తకం పేరు 'ఆర్థస్: రైజ్ ఆఫ్ ది లిచ్ కింగ్'. రాసింది క్రిస్టీ గోల్డెన్, వచ్చింది 2009లో. 2002 నాటి వార్‌క్రాఫ్ట్ 3 గేమ్‌లో ఉన్న ఆర్థస్ అనే రాకుమారుడి కథ ఇది. జనాన్ని కాపాడతానని బయల్దేరి, చివరికి కన్నతండ్రిని సింహాసనం దగ్గరే పొడిచి చంపుతాడు. ఆ సంగతి గేమ్ ఆడినవాళ్లకి ఏడేళ్లుగా తెలుసు.

ముగింపు ముందే తేలిపోయింది, పాత్రలు వేరేవాళ్లవి, ఇంక రచయిత చేసేదేముంది అంటారు. అలాగైతే హరికథ ఎందుకు విన్నట్టు? ఆదిభట్ల నారాయణదాసు గారు గజ్జె కట్టిన విజయనగరం మన విశాఖకి పక్కనే. రావణుడు చస్తాడని తెలియనివాడు పందిట్లో ఒక్కడూ ఉండడు, అయినా కదలరు. అసలు కథ మార్చే హక్కు దాసుగారికి లేదు, ఆయన సొంత సొమ్మల్లా మధ్యలో వేసే పిట్టకథ. ఈ నవలలో ఆ పిట్టకథ ఒక గుర్రం.

ముందు గేమ్ సంగతి చెప్తాను. మద్దిలపాలెంలో ఒక నెట్ సెంటర్ ఉండేది, ప్లైవుడ్ గదులు, కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి ఉండేవి. స్ట్రాథోమ్ అనే ఊరి ఘట్టం వచ్చింది. ఊళ్లోవాళ్లు విషపు ధాన్యం తిన్నారు, కాసేపట్లో నడిచే శవాలైపోతారు. రాక్షసుడు వాళ్లని తనవైపు తిప్పుకునేలోపు, ఆర్థస్‌గా ఆడుతున్న మనమే వందమందిని చంపాలి. గురువు ఉథర్ కాదన్నాడు, ప్రేమించిన జైనా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నేనా, పక్క గదిలోంచి మావాడు "తొందరగా కొట్టు గురూ, వాడివి ఎనభై అయిపోయాయి" అని అరుస్తుంటే టెన్షన్‌తో మౌస్ నొక్కుతూనే ఉన్నాను. గెలిచాక టీ తాగడానికి వెళ్లాం. ఊరు ఊరంతా చంపామన్న ఆలోచన ఆ టీ కొట్టు దగ్గర ఎవరికీ రాలేదు.

నవలలో మౌస్ లేదు కదా, మన చేత ఆ పని ఎలా చేయిస్తుంది?

అందుకే గోల్డెన్ చాలా వెనక్కి వెళ్లింది. చిన్న పిల్లాడిగా ఉన్న ఆర్థస్ ఒక గుర్రప్పిల్ల పుట్టడం కళ్లారా చూస్తాడు. దానికి ఇన్విన్సిబుల్ అని పేరు, అంటే అజేయుడు. పెద్దయ్యాక మంచు పడుతున్న రోజు దాన్ని దౌడు తీయించి, దూకించబోతే జారిపోయి కాళ్లు విరుగుతాయి. విరిగిన కాళ్లతో లేవబోయి లేవలేక గిలగిల్లాడుతున్న ఆ ప్రాణాన్ని తన చేత్తోనే చంపాలి. చంపుతాడు. అది దయే, అక్కడ నేనున్నా అదే చేసేవాణ్ణేమో. కానీ అదే లెక్క ఆ పిల్లాడి మనసులో ఉండిపోయి స్ట్రాథోమ్ దాకా వచ్చిందని నాకనిపిస్తుంది. ఎలాగూ బతకరు, బాధ తప్పిద్దాం అని. చంపడం దయ అనిపించిన మనిషికి రెండోసారి చెయ్యి వణకదు.

లోపాలు లేవని కాదు. ఆ ఊరి తర్వాత కథ పరుగెడుతుంది, ఓడలు తగలబెట్టి ఆ నేరం కిరాయి సైనికుల మీదికి నెట్టడం, శాపం ఉన్న కత్తి పట్టుకోవడం, అన్నీ గేమ్‌లో మజిలీలు దాటుతున్నట్టే ఉంటాయి. ఆ కత్తి దగ్గర నేను ఇంకో పది పేజీలు ఆగేవాణ్ణి.

తండ్రిని చంపాక అతను పాత గుర్రం సమాధి దగ్గరికి వెళ్తాడు. లేపుతాడు. ఎముకలతో లేచి నిలబడుతుంది, పిలిస్తే వస్తుంది, ఇప్పుడు కాళ్లు విరగవు. అతనికి మాత్రం అప్పటి బాధ ఇంక తగలదు. నేను ఆ రాత్రి అక్కడే పుస్తకం మూసేశాను.

నా కాపీ మూడో వరుసలో తిరుగుతోంది. గుర్రం జారిపడిన పేజీకి మూల మడిచి ఉంటుంది, అది విప్పకండి, వెళ్లేటప్పుడు బల్ల మీద పెట్టేయండి.