ఇనుప పెట్టె మార్చిన ప్రపంచం: లాభం అందరికీ, నష్టం కొందరికే ఎందుకు?

వ్యాఖ్యాత: నమస్కారం. ఏ మార్పు వచ్చినా మనకు వినిపించే మాట ఒకటే: కొన్నాళ్లు ఇబ్బంది ఉంటుంది, తర్వాత అంతా సర్దుకుంటుంది అని. నిజంగా ఎవరు సర్దుకున్నారు, ఎవరు సర్దుకోలేకపోయారు? చరిత్ర అధ్యాపకురాలు, ఆర్థికవేత్త, ఓడరేవు కార్మిక సంఘం మాజీ నాయకుడు మనతో ఉన్నారు. మేడమ్, కృత్రిమ మేధ గురించి అడుగుదామంటే మీరు సరుకు నింపి ఓడకెక్కించే ఇనుప పెట్టెతో, అంటే షిప్పింగ్ కంటైనర్‌తో మొదలుపెడదామన్నారు. ఎందుకని?

అధ్యాపకురాలు: ఆ మార్పు మొదలూ చివరా రెండూ మనకు తెలుసండీ, అందుకే. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూవార్క్ రేవు నుంచి ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో హ్యూస్టన్‌కు బయల్దేరింది. మాల్కమ్ మెక్లీన్ అనే లారీల యజమాని ఆలోచన అది. అప్పట్లో విడి సరుకు ఓడకెక్కించడానికి టన్నుకు 5.83 డాలర్లు అయ్యేది. ఈ ఓడకు 16 సెంట్లు కూడా కాలేదు. కొత్త ఇంజిన్ లేదు, కొత్త ఇంధనం లేదు. ఒక పెట్టె, దాన్ని ఎత్తే క్రేన్, అంతే.

కార్మిక నాయకుడు: ఆ మిగిలిన డబ్బు ఎక్కడిదో నేను చెబుతాను. మా కూలి అది. విడి సరుకంటే బస్తాలు, పీపాలు, దుంగలు, గాజు సామాను అన్నీ కలిసి వస్తాయి. ఓడ అడుగున గాలాడని చోట నిలబడి, బరువైనవి కింద, నలిగేవి పైన, సముద్రం ఎంత ఊపినా కదలకుండా పేర్చాలి. ఎక్కడ సందు వదలాలో, ఎక్కడ చెక్క దూర్చాలో కళ్లతో చూసి చెప్పే కలాసీలు ఉండేవారు. జనం దాన్ని ఉత్త మోత పని అనుకున్నారు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు, ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది.

వ్యాఖ్యాత: సార్, సరుకు చౌకైందన్నది కూడా నిజమే కదా?

ఆర్థికవేత్త: నిజమే, దాన్ని తక్కువ చేయకూడదు. ఒక వస్తువు భాగాలు నాలుగు దేశాల్లో తయారై ఐదో దేశంలో బిగించడం కుదిరిందంటే రవాణా ఖర్చు తగ్గబట్టే. తూర్పు ఆసియాలో కోట్ల మంది పేదరికం నుంచి బయటపడటంలో ఎగుమతి ఫ్యాక్టరీల పాత్ర చాలా పెద్దది. కాకపోతే పెట్టె ఒక్కటే ఇదంతా చేయలేదు. పెట్టెల కొలతల మీద దేశాలు ఒప్పందానికి వచ్చాయి. సుంకాలు తగ్గించాయి. 2001 డిసెంబర్ 11న చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. ఇవన్నీ రాజకీయ నిర్ణయాలు. 1999 నుంచి 2011 దాకా చైనా దిగుమతుల పోటీ వల్ల అమెరికాలో 20 నుంచి 24 లక్షల ఉద్యోగాలు పోయాయని ఒక అంచనా. దేశం మొత్తం మీద చూస్తే అది పెద్ద సంఖ్యగా కనిపించదు. ఫర్నిచర్ ఫ్యాక్టరీ మీదే బతికే పట్టణంలో నిలబడి చూస్తే మాత్రం అంతా పోయినట్టే.

వ్యాఖ్యాత: వాళ్లు వేరే ఊరు వెళ్లి వేరే పని చూసుకోవచ్చు కదా?

ఆర్థికవేత్త: మా ఆర్థికవేత్తల్లో చాలామంది అలాగే జరుగుతుందనుకున్నారు. జరగలేదు. ఇల్లు అమ్ముదామంటే ఊళ్లో కొనేవాళ్లుండరు, అందరి పరిస్థితీ అదే. ముసలి తల్లిదండ్రులను వదిలి వెళ్లడం ఎవరి వల్లా కాదు. పదేళ్లు గడిచినా అక్కడ జీతాలు, ఉద్యోగాలు కోలుకోలేదని ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్ బృందం చూపించింది. దిగుమతుల వల్ల పని పోయినవాళ్లకు భృతి, శిక్షణ ఇచ్చే పథకం అక్కడ 1962లోనే మొదలైంది. దాని ద్వారా అందింది కొంచెమే. అంతకంటే ఎక్కువ డబ్బు వైకల్య పింఛన్ల రూపంలో వెళ్లింది.

కార్మిక నాయకుడు: (మధ్యలో అందుకుంటూ) పని కావాలని వచ్చిన మనిషి చేతిలో పింఛను కాగితం పెట్టి పంపించారన్నమాట!

అధ్యాపకురాలు: ఆ కోపం ఓటు పెట్టెలోకి వచ్చింది. దెబ్బ గట్టిగా తగిలిన చోట్ల మధ్యేమార్గం నేతలు ఓడిపోయారని అదే బృందం తర్వాత రాసింది. 2018 నుంచి అమెరికాలో మళ్లీ సుంకాల గోడలు లేస్తున్నాయి. ఎప్పుడో పోయిన ఉద్యోగాల కోసం కడుతున్న ఆ గోడల భారం ఇంకెవరి మీదో పడుతోంది.

వ్యాఖ్యాత: మరి ఇంకో దారే లేదా?

కార్మిక నాయకుడు: ఒక చోట ప్రయత్నించారు. 1960లో అమెరికా పశ్చిమ తీరపు రేవు కార్మికుల నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్ యజమానులతో ఒప్పందం చేసుకున్నాడు. యంత్రాలను అడ్డుకోం, కానీ వాటి వల్ల మిగిలేదాంట్లో మా వాటా మాకివ్వండి అన్నాడు. యజమానులు ఏటా సుమారు 50 లక్షల డాలర్లు నిధిలో వేయాలి. నమోదైన కార్మికుడిని ఉద్యోగంలోంచి తీయకూడదు. ముందుగా రిటైరైతే పరిహారం. పెట్టెలు పూర్తిగా రాకముందే కుదిరిన ఒప్పందం అది. నాకు నచ్చేది ఆ ముందుచూపే.

అధ్యాపకురాలు: నాకు కొంత అభ్యంతరం ఉంది. సంఘంలో పూర్తి సభ్యత్వం లేనివాళ్లకు దాని మీద ఓటు లేదు, ఆ నిధిలో వాటా లేదు. పైగా పెట్టెలు నింపే పని రేవు దాటి ఎక్కడెక్కడి షెడ్లకో వెళ్లిపోయింది. అది కూడా ఒక కారణంగా 1971-72లో అదే సంఘం 130 రోజులకు పైగా సమ్మె చేయాల్సి వచ్చింది.

వ్యాఖ్యాత: ఇప్పుడు కృత్రిమ మేధకు వద్దాం. ఇక్కడ అలాంటి ఒప్పందం సాధ్యమా?

ఆర్థికవేత్త: 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేసి సాధించుకున్నారు. యంత్రం రాసినదాన్ని రచనగా లెక్కించకూడదు, వాడమని రచయితను బలవంతపెట్టకూడదు అని రాయించుకున్నారు. వాళ్లకు సంఘం ఉంది. ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసేవాళ్లకు, కస్టమర్ కేర్ ఉద్యోగులకు చాలాచోట్ల అది లేదు. అందుకే చట్టం కావాలంటాను. ఏ పని యంత్రానికి ఇస్తున్నారో కంపెనీ ఏడాది ముందే రాతపూర్వకంగా చెప్పాలి. పని పోయినవాళ్లకు కొత్త పనిలో జీతం తగ్గితే ఆ తేడాలో కొంత బీమా కింద ఇవ్వాలి.

కార్మిక నాయకుడు: ఒప్పుకుంటాను, కానీ ఇంకో మాట చేర్చండి. ఆ నోటీసు పర్మినెంటు ఉద్యోగులకే పంపి ఊరుకుంటే కుదరదు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు, రోజువారీ లెక్కన పనిచేసేవాళ్లకు కూడా అందాలి. మేడమ్ ఇందాక చెప్పినట్టు, ఆ రేవు ఒప్పందంలో బయట ఉండిపోయింది అలాంటివాళ్లే.