పాదం కూడా పాడాలి: ఎలక్ట్రానిక్ ఆర్గన్ సాధనపై చర్చ

(బరంపురం స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమానికి లిఖిత రూపం. పాల్గొన్నవారు: బరంపురంలో ఆర్గన్, కీబోర్డు నేర్పే అధ్యాపకురాలు, పర్లాకిమిడికి చెందిన కర్ణాటక గాత్ర విద్వాంసులు, రాయగడ, జయపురం ప్రాంతాలలో మెలొడీ కార్యక్రమాలు నడిపే వాద్యబృంద నిర్వాహకులు.)

సమన్వయకర్త: ముగ్గురికీ నమస్కారం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలలోని తెలుగు ఇళ్లలో పిల్లలకు సంగీతం చెప్పించాలనుకుంటే చాలాచోట్ల ముందు కీబోర్డు వస్తోంది, గురువు ఆ తరువాత వస్తున్నారు. అధ్యాపకురాలు గారు మాత్రం కీబోర్డు వేరు, ఆర్గన్ వేరు అంటారు. అమ్మా, ఆ తేడాతోనే మొదలుపెడదాం.

అధ్యాపకురాలు: నమస్కారమండీ. అమెరికాలో లారెన్స్ హామండ్ 1934లో పేటెంటు పొంది, 1935లో అమ్మకానికి తెచ్చిన ఆర్గన్‌లో గాలి గొట్టాలు లేవు. అయస్కాంతాల పక్కన తిరిగే 91 చిన్న లోహచక్రాలు ఉండేవి. స్వరం వాటి నుంచి పుట్టేది. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. యమహా సంస్థ 1959లో ఎలక్టోన్ పేరుతో తన తొలి నమూనాను తెచ్చింది. అలెన్ సంస్థ 1971లో డిజిటల్ ఆర్గన్ తయారుచేసింది. లోపలి యంత్రం ఇన్నిసార్లు మారినా వాయించేవారి కూర్చునే తీరు మారలేదు. కుడిచేతికి పై వరుస మెట్లు, ఎడమచేతికి కింది వరుస మెట్లు, పాదాలకు మంద్రస్వరాల పెడల్ బోర్డు ఉంటాయి. ఇళ్లలో పెట్టుకునే చిన్న ఆర్గన్లలో 13 పెడళ్లే ఉంటే, చర్చిల్లోని పెద్దవాటిలో 32 వరకు ఉంటాయి. మన పిల్లలు కొంటున్న 61 మెట్ల కీబోర్డులో ఈ మూడు అంతస్తులు లేవు. కాబట్టి పాటను కుడిచేతికి అప్పగించి మిగతాదంతా యంత్రానికి వదిలేసే అలవాటు సులువుగా పడుతుంది. ఆర్గన్ ముందు కూర్చున్న విద్యార్థి ఒక్కడే అయినా రాగం ఎటు పోతోంది, నడుమ ఏ స్వరాలు దానిని మోస్తున్నాయి, అడుగున మంద్రం ఎప్పుడు మారాలి అన్న మూడు ప్రశ్నలకూ అదే క్షణంలో జవాబు చెప్పుకోవాలి. విశాలమైన సంగీత జ్ఞానం అని నేను అంటున్నది ఈ వినికిడినే.

సమన్వయకర్త: గురువుగారూ, మీరు తల పంకిస్తున్నారు. ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?

విద్వాంసులు: సగం ఒప్పుకున్నట్టు. ఆర్గన్ మీద ఉన్న అనుమానం పాతదే. ఆకాశవాణి 1940లో దాని చుట్టమైన హార్మోనియాన్ని పక్కన పెట్టి, 1971 దాకా మళ్లీ రానివ్వలేదు. ఆ నిర్ణయంలో అతి ఉన్నదని నేనూ అంటాను, కానీ కారణం మాత్రం ఒట్టిది కాదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న చోట్లలో మన గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చుతూ పలికే తీరు, నడుస్తుంది. తోడి రాగంలో గాంధారాన్ని ఒక మెట్టు మీద నిలబెట్టి ఇదే గాంధారం అంటే వినగలమా? ఇక స్వరస్థానాల మాటకు వస్తే, ఒక స్థాయిని పన్నెండు సమభాగాలు చేసిన శ్రుతి అది. అంతర గాంధారం సహజంగా షడ్జానికి 386 సెంట్ల (ఒక స్థాయిని 1200 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు) ఎత్తున ఉండాలి. ఆర్గన్‌లో అది 400 దగ్గర కూర్చుంటుంది. చిన్నప్పటి నుంచి ఆ గాంధారమే విన్న పిల్లవాడికి తంబురా ముందు కూర్చున్నప్పుడు ఏది సరైనదో తెలియడానికి చాలా కాలం పడుతుంది.

అధ్యాపకురాలు: మాస్టారు గారు చెప్పిన తేడా నిజమే. దానిని దాచకుండా పాఠంలోనే చూపించవచ్చని నా అభిప్రాయం. హామండ్ తరహా ఆర్గన్‌లో ప్రతి వరుసకూ తొమ్మిది డ్రాబార్లు, అంటే నాదంలో కలిసే స్వరాల పాళ్లను మార్చే లాగుడు పుల్లలు, ఉంటాయి, ఒక్కొక్కదానినీ 0 నుంచి 8 దాకా బయటికి లాగవచ్చు. షడ్జం మెట్టు నొక్కి పట్టుకుని మొదట ఎనిమిది అడుగుల డ్రాబారును (గొట్టాల ఆర్గన్‌లో గొట్టం పొడవును బట్టి వచ్చిన పేరు) మాత్రమే లాగమంటాను, బోలుగా, వేణువు వంటి నాదం వస్తుంది. తరువాత నాలుగు అడుగులది లాగితే పై షడ్జం వచ్చి కలుస్తుంది. దాని పక్కది లాగితే ఆ పై పంచమం, ఆ తరువాతిది లాగితే రెండు స్థాయిల పైనున్న షడ్జం, ఇంకొకటి లాగితే దానికీ పైన అంతర గాంధారం. నొక్కిన మెట్టు ఒక్కటే, కానీ నాదం రంగు మారిపోయింది. ఒకే స్వరంలో ఇన్ని స్వరాలు దాగి ఉంటాయని ఉపన్యాసం చెబితే పిల్లలు ఆవులిస్తారు, తమ చేత్తో లాగి విన్నప్పుడు మాత్రం మళ్లీ మళ్లీ లాగి చూస్తారు.

విద్వాంసులు: తంబురాలో మంద్ర షడ్జపు తీగ నుంచి వినిపించే స్వయంభూ గాంధారం కూడా అదే కదా!

అధ్యాపకురాలు: అదేనండీ. కాకపోతే తంబురా గాంధారం తీగ నుంచి దానంతట అది పుడుతుంది. హామండ్ డ్రాబారు ఆ గాంధారాన్ని తన 91 చక్రాలలోంచే అరువు తెచ్చుకుంటుంది గనుక అది సమభాగ శ్రుతిలోనే మోగుతుంది. అందుచేత తంబురా మీటి ఒకసారి, డ్రాబారు లాగి ఒకసారి వినిపిస్తాను. రెండవది రవ్వంత పైన ఉన్నదని, కాస్త బిరుసుగా ఉన్నదని పిల్లలే చెబుతారు. మీరు భయపడిన ఆ 14 సెంట్ల తేడాను గుర్తుపట్టిన చెవి చెడిన చెవి కాదని నా మనవి.

విద్వాంసులు: తంబురా పక్కన ఉంటే నాకు అభ్యంతరం సగానికి తగ్గుతుంది. గమకం సంగతి మాత్రం అలాగే ఉంది.

అధ్యాపకురాలు: ఉంటుంది. గమకానికి ఆర్గన్ గురువు కాదు, గొంతే గురువు. నా దగ్గరికి వచ్చేవారిని పాడకుండా వాయించనివ్వను.

సమన్వయకర్త: నిర్వాహకులు గారూ, మీరు వేదిక మనిషి. ఒక రాత్రి కార్యక్రమంలో ఒడియా, తెలుగు, హిందీ పాటలు కలిపి నడుపుతారు. అక్కడ ఈ శిక్షణ కనిపిస్తుందా?

నిర్వాహకులు: మొదటి పాటలోనే కనిపిస్తుందండీ. తాళాన్ని దానంతట అదే వాయించే స్టైల్ బటన్ నొక్కి, ఎడమచేత్తో ఒక వేలు ఆనించి కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) పట్టడం నేర్చుకున్న కుర్రవాడు ఇంట్లో అద్భుతంగా వాయిస్తాడు. ప్రాణమున్న డ్రమ్మరు పక్కన కూర్చోబెడితే మాత్రం తడబడతాడు. యంత్రం ఎప్పుడూ అతని కోసం ఆగలేదు, అతను కూడా ఎవరి కోసమూ వినలేదు. ఆర్గన్ నేర్చినవారికి బేస్ గిటారు వాయించే మనిషి ఏం చేయబోతున్నాడో ముందే తెలుస్తుంది. ఆ పని తమ ఎడమపాదం ఎన్నోసార్లు చేసి ఉంటుంది కదా. బేస్ వాద్యకారుడు ఉన్నప్పుడు తాను మంద్రం వదిలేయాలని, లేనప్పుడు అందుకోవాలని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంకొక సంగతి. గాయని వచ్చి “ఈవేళ గొంతు బాగాలేదు, ఒక మెట్టు దించండి” అంటుంది. శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉన్నది నిజమే, కానీ పాట మధ్యలో ఆ బటన్ నొక్కి, తరువాతి పాటకు తీయడం మరచిపోయి, వేదికంతా ఒక శ్రుతిలో, కీబోర్డు ఒక శ్రుతిలో నడిచిన సందర్భాలు మా రంగంలో అందరికీ తెలుసు.

అధ్యాపకురాలు: ఆ బటన్‌ను నేను మొదటి సంవత్సరం ముట్టుకోనివ్వను. ఒకటి శ్రుతిలో (షడ్జం C మెట్టు మీద) నేర్చుకున్న పాటను ఒకటిన్నరలోనూ (C#), ఐదున్నరలోనూ (G#) వాయించాలి. ఒకటి శ్రుతిలో మోహన రాగానికి తెల్లమెట్లు చాలు, ఐదున్నరకు వెళ్లేసరికి నల్లమెట్లు వచ్చి పడతాయి, వేళ్ల లెక్క మారిపోతుంది, పాదం కూడా కొత్త దారి వెతుక్కోవాలి. అప్పుడు రాగం ఏ మెట్ల మీదా లేదని, మెట్ల మధ్య దూరాలలో ఉన్నదని తెలుస్తుంది.

సమన్వయకర్త: రాగాలకు కార్డులు కలపడం అన్నది మరో వివాదం. మన ప్రాంతపు తెలుగు చర్చిల్లో పాడే కీర్తనలు చాలావరకు రాగ తాళాలలో కట్టినవే. పర్లాకిమిడి ప్రాంతంలోనే 1803లో పుట్టిన క్రైస్తవ కీర్తనకారులు పురుషోత్తమ చౌదరి గారి వంటివారు ఆ బాట వేశారు. వాటికి ఆర్గన్ మీద కార్డులు వేస్తే రాగం మిగులుతుందా?

విద్వాంసులు: మిగలదనే నేను విన్నవన్నీ చెబుతున్నాయి. మధ్యమమే లేని మోహనలో కీర్తన పాడుతూ ఉంటే వెనుక నుంచి మధ్యమం వినిపిస్తుంది. గాయకుడు పాడలేదు, అదెక్కడి నుంచి వచ్చింది? ఆర్గన్ నుంచి!

అధ్యాపకురాలు: అది వాద్యం తప్పు కాదండీ, ఆలోచించకుండా వేసిన కార్డు తప్పు. షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం అన్న ఈ అయిదు స్వరాలతో మూడేసి స్వరాల కార్డులు ఎన్ని కట్టగలమో కూర్చుని లెక్కపెట్టమంటాను. రెండే వస్తాయి: స-గ-ప ఒకటి, ద-స-గ ఒకటి. ఒకటో, నాలుగో, అయిదో స్వరాల మీద కట్టే అలవాటైన మూడు కార్డుల పద్ధతిలో పోతే నాలుగో స్వరం కార్డు మధ్యమాన్ని, అయిదో స్వరం కార్డు నిషాదాన్ని పట్టుకొస్తాయి, అవి రెండూ మోహనకు పరాయివి. ఇప్పుడు విద్యార్థి ఏం చేయాలి? ఆ రెండు కార్డులతోనే సరిపెట్టుకోవచ్చు, లేదా ఎడమచేత్తో షడ్జ పంచమాలు పట్టి ఉంచి పాదాన్ని కదిలించవచ్చు, లేదా పాదాన్ని కూడా షడ్జం మీదే ఆపి చేతులతో రెండు గొంతులుగా పాడించవచ్చు. మాయామాళవగౌళ తీసుకుంటే చిత్రమైన సంగతి కనిపిస్తుంది. స-గ-ప, రి-మ-ద అని ఒకే రూపంలోని రెండు మేజర్ కార్డులు పక్కపక్క మెట్ల మీద దొరుకుతాయి. ఆ రాగంలోనే మొదలయ్యే తొలి పాఠాలు, సరళీ వరుసలు, ఏళ్ల తరబడి పాడినవారు కూడా ఆ రాగంలో ఇది ఉన్నదని గమనించరు. రాగ లక్షణం తెలియకుండా ఈ పని చేయలేరు, కార్డుల నిర్మాణం తెలియకపోయినా చేయలేరు. రెండు విద్యలనూ కలిపి చదివించేది ఇటువంటి లెక్కే.

విద్వాంసులు: షడ్జ పంచమాలు పట్టి ఉంచే పద్ధతి నాకు నచ్చుతుంది. మిగిలినవి విని చెప్పాలి.

నిర్వాహకులు: మాస్టారు గారు ఈ మాత్రం ఒప్పుకోవడమే ఈరోజు విశేషం. (నవ్వులు)

సమన్వయకర్త: హార్మోనియం వచ్చినవారికి ఆర్గన్ సులువేనా? పద్య నాటకాల పుణ్యమా అని మన ఊళ్లలో హార్మోనియం చేయి తిరిగినవారు ఇంకా ఉన్నారు.

అధ్యాపకురాలు: కొంత సులువు, కొంత అడ్డంకి. తిత్తిని వత్తుతూ నాదాన్ని పెంచడం తగ్గించడం తెలిసినవారికి ఆర్గన్‌లోని ఎక్స్‌ప్రెషన్ పెడల్ వెంటనే అర్థమవుతుంది. అయితే చేతి హార్మోనియంలో ఒక చేయి తిత్తికే పోతుంది గనుక ఆ చేతికి స్వరాలు తెలియవు. నాటకాలలో వాడే కాళ్లతో తొక్కే హార్మోనియం వాయించినవారికి రెండు చేతులూ వస్తాయి, కాళ్లకు మాత్రం గాలి నింపడమే తెలుసు. ఆ కాళ్లతో పాడించాలంటే మొదట కొంతకాలం విసుగు తప్పదు. మన పిల్లలు చెప్పులు లేకుండా కూర్చుంటారు, అది మంచిదే. కిందికి చూడకూడదని నియమం పెడతాను. నల్ల పెడళ్లు రెండుగా, మూడుగా గుంపులు కట్టి ఉంటాయి, వాటి నడుమ ఖాళీ ఉంటుంది. పాదం పక్క భాగంతో ఆ ఖాళీని తడిమి అక్కడి నుంచి కావలసిన స్వరానికి మునివేళ్లతోనో మడమతోనో జరగాలి.

ఇంకా ముఖ్యమైనది మెట్టు వదలడం. పియానోలో స్వరం కొట్టిన క్షణం నుంచే సన్నగిల్లుతుంది, ఆర్గన్‌లో వేలు తీసేదాకా అంతే బలంగా మోగుతుంది. వేలు ఒక అక్షర కాలం ఆలస్యంగా లేస్తే తరువాతి స్వరం మీద బురద చల్లినట్టు ఉంటుంది, తొందరగా లేస్తే పదం విరిగిపోతుంది. అందుకని నొక్కి ఉన్న మెట్టు మీదే నాలుగో వేలిని తీస్తూ అయిదో వేలిని జారవిడిచే సాధన చేయిస్తాం. నాదంలో ఏ మార్పూ వినపడకూడదు. సాహిత్యంలో ఊపిరి ఎక్కడ తీయాలో తెలిసినవాడే ఆర్గన్ మీద వేలు ఎక్కడ ఎత్తాలో తెలుసుకుంటాడు.

విద్వాంసులు: గాత్రానికి ఇది పనికివస్తుంది. మా శిష్యులలో దీర్ఘాలను సగంలో కోసేవారే ఎక్కువ.

సమన్వయకర్త: పరీక్షల గురించి శ్రోతలు అడుగుతున్నారు. సర్టిఫికెట్ ఉంటే చాలునా?

అధ్యాపకురాలు: పరీక్షను తప్పుపట్టను. ట్రినిటీ కాలేజీ లండన్ వారి కీబోర్డు గ్రేడ్లలో సిద్ధం చేసిన పాటలతో పాటు చూసి వాయించడం, విని చెప్పడం, అప్పటికప్పుడు కల్పించి వాయించడం వంటి పరీక్షలు ఉంటాయి. యమహా గ్రేడ్లలోనూ ఇచ్చిన చిన్న స్వరపంక్తిని పెంచి వాయించమంటారు. మా దగ్గర తల్లిదండ్రులు పాటలనే చూస్తారు, సంవత్సరమంతా మూడు పాటలు బట్టీ పట్టించి పంపమంటారు. ఆ పద్ధతిలో అయిదో గ్రేడు దాటినవారు కూడా తెలియని పాటకు మంద్రం పెట్టలేకపోవడం చూశాను.

నిర్వాహకులు: నేను సర్టిఫికెట్ అడగను. తెలియని ఒడియా పాట ఒకటి పాడిస్తాను, రెండో చరణానికి వెనుక ఏదో ఒకటి సరైనది వాయిస్తే తీసుకుంటాను.

సమన్వయకర్త: చివరిగా గుణుపురం నుంచి ఒక తల్లి ప్రశ్న. ఇంట్లో ఉన్నది 61 మెట్ల కీబోర్డు, పెడళ్లున్న ఆర్గన్ కొనే స్తోమత లేదు, అప్పుడేం చేయాలని అడుగుతున్నారు.

అధ్యాపకురాలు: కొనవద్దమ్మా, ఇప్పుడే అవసరం లేదు. మీ కీబోర్డులో స్ప్లిట్ అనే సదుపాయం ఉంటే ఎడమవైపు ఒకటిన్నర స్థాయి మెట్లకు బేస్ నాదం, కుడివైపు మెట్లకు ఆర్గన్ నాదం పెట్టండి. రిథమ్, స్టైల్ రెండూ ఆపేయండి. అమ్మాయి రాగం గొంతుతో పాడాలి, కుడిచేత్తో రెండు స్వరాలు మాత్రమే పట్టాలి, ఎడమచేత్తో మంద్రం నడపాలి. పాట సాగుతున్నప్పుడు ఎడమకాలితో తాళం వేయమనండి, తరువాత పెడళ్లు దొరికిన రోజున ఆ కాలు బెదరదు. దగ్గరలోని చర్చిలో ఆర్గన్ ఉంటే, ఆరాధన లేని వేళల్లో అరగంట కూర్చోనిస్తారేమో అడిగి చూడండి.

విద్వాంసులు: తంబురా సంగతి కూడా చెప్పండి.

అధ్యాపకురాలు: చెబుతానండీ. కీబోర్డు తీసే ముందు ఫోనులోనైనా సరే తంబురా పెట్టుకుని షడ్జం పాడించండి. కరెంటు పోయిన సాయంత్రాలలో కూడా ఆ పని ఆగదు.