నెట్ దగ్గర నిలబడే మనిషి: హెంద్రా సెతియవాన్

అందరికీ నమస్కారం. షటిల్ గురించి సభ పెట్టి, అందులో డబుల్స్ గురించి మాట్లాడమన్న నిర్వాహకులకు కృతజ్ఞతలు. మన దగ్గర ఇది అరుదు. ఏ అకాడమీ గేటు దగ్గర నిలబడినా తల్లిదండ్రుల మాట ఒకటే: "ముందు సింగిల్స్ ఆడనివ్వండి సార్, అందులో నెగ్గుకు రాకపోతే అప్పుడు డబుల్స్ చూద్దాం." వాళ్లను తప్పుపట్టను. గోపీచంద్‌ను, సైనాను, సింధును, శ్రీకాంత్‌ను చూసి పెరిగినవాళ్లం మనం. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ వచ్చాక ఆ లెక్క కొంచెం మారింది. పూర్తిగా మారలేదు.

ఇండోనేషియాలో మొదటినుంచీ లెక్క వేరు. ఒలింపిక్ బ్యాడ్మింటన్‌లో ఆ దేశం గెలిచిన స్వర్ణాలు 8. వాటిలో 5 డబుల్స్‌లో వచ్చినవే. అలాంటి దేశంలో, అలాంటి పోటీలో ఇరవై ఏళ్లపాటు పైస్థాయిలో నిలిచిన మనిషి హెంద్రా సెతియవాన్. ఇవాళ ఆయన గురించే చెప్తాను. డబుల్స్ అనేది సింగిల్స్‌లో ఓడినవాళ్లకు దొరికే రెండో అవకాశమని అనుకునేవాళ్లు ఆయన ఆట ఒక్కసారి చూస్తే చాలు, వాదించాల్సిన పని ఉండదు.

పుట్టింది 1984 ఆగస్టు 25న, మధ్య జావాలోని పెమలాంగ్‌లో. ఆట నేర్చుకోవడానికి జకార్తాలోని జయ రాయ క్లబ్బుకు వచ్చాడు. అక్కడ జత కుదిరింది మార్కిస్ కిడోతో. ఇద్దరికీ వయసులో సరిగ్గా రెండు వారాల తేడా. కిడో పొట్టివాడు, కానీ వెనక నుంచి ఎగిరి స్మాష్ కొడితే ఆ ఎత్తు ఎక్కడినుంచి వచ్చిందో అర్థమయ్యేది కాదు. హెంద్రా ముందు నిలబడేవాడు. చూసేవాళ్లకు కిడో ఆడుతున్నట్టు, హెంద్రా తోడుగా ఉన్నట్టు అనిపించేది.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే డబుల్స్‌లో అసలు విషయం ఇక్కడే ఉంది. డబుల్స్‌లో చాలా పాయింట్లు మొదటి నాలుగు షాట్లలోనే తేలిపోతాయి: సర్వీస్, దాని రిటర్న్, మూడో షాట్, నాలుగో షాట్. వీటిలో షటిల్‌ను పైకి లేపాల్సి వచ్చిన జంట ఇరుకున పడుతుంది, అవతలివాళ్లకు స్మాష్ దొరుకుతుంది. హెంద్రా పని మొత్తం ఇదే. షార్ట్ సర్వీస్ రాగానే ఒక్క అడుగు ముందుకు వేసి, షటిల్ నెట్ మీద ఉండగానే అందుకుంటాడు. రాకెట్ ముఖం చివరి క్షణం దాకా ఎటు తిరుగుతుందో తెలియదు. బలంగా కొట్టడు. అవతలి జంటలో ముందున్నవాడికీ వెనకున్నవాడికీ మధ్య, సైడ్ లైన్ వైపు మెల్లగా నెడతాడు. ఎవరు తీసుకోవాలా అని వాళ్లు ఒకరినొకరు చూసుకునేలోపు షటిల్ కిందకు దిగిపోతుంది, లిఫ్ట్ చేయక తప్పదు. అప్పుడు కిడో స్మాష్ కొడతాడు. చప్పట్లు కిడోకి. యూట్యూబ్ హైలైట్స్‌లో కూడా కిడోనే కనిపిస్తాడు.

2006లో స్కోరింగ్ మారింది గుర్తుందా? అంతకుముందు సర్వీస్ చేసే జంటకే పాయింట్ వచ్చేది. 21 పాయింట్ల పద్ధతి వచ్చాక ప్రతి ర్యాలీకీ పాయింటే. ఒక్క రిటర్న్ తేడా కొడితే అక్కడికక్కడే పాయింట్ పోతుంది. చేతిలో నేర్పు ఉన్నవాడికి, టెన్షన్ పడనివాడికి విలువ పెరిగింది. హెంద్రా ముఖం చూసి స్కోరు చెప్పడం ఎవరివల్లా కాదు. 20-10తో ముందున్నా, 10-20తో వెనకున్నా అదే ముఖం.

2007లో కౌలాలంపూర్‌లో కిడో, హెంద్రా ప్రపంచ ఛాంపియన్లు అయ్యారు. మరుసటి ఏడాది బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో చైనా జంట కాయ్ యున్, ఫు హైఫెంగ్ ఎదురయ్యారు. వాళ్ల దేశం, వాళ్ల జనం. మొదటి గేమ్ 12-21తో పోయింది. తర్వాతి రెండూ 21-11, 21-16తో గెలిచారు. అది 2008 ఆగస్టు 16, ఇండోనేషియా స్వాతంత్ర్య దినానికి ముందురోజు. ఆ జోడీ 2010 ఆసియా క్రీడల్లోనూ స్వర్ణం తెచ్చింది. ఫైనల్లో మలేషియా జంట కూ కియెన్ కీట్, తాన్ బూన్ హియాంగ్‌ల మీద రెండో గేమ్ 26-24 దాకా వెళ్లింది. ఈ తాన్ బూన్ హియాంగ్ పేరు గుర్తుపెట్టుకోండి.

2012 చివర్లో కిడో, హెంద్రా విడిపోయారు. హెంద్రాకు కొత్తగా జతైనవాడు మహ్మద్ అహ్సాన్, పాలెంబాంగ్ మనిషి, మూడేళ్లు చిన్న. అంతదాకా అహ్సాన్ ఎవరితో ఆడేవాడో తెలుసా? బోనా సెప్తానోతో. బోనా స్వయానా కిడో తమ్ముడు. మన ఊళ్లో ఇలా జరిగితే రెండు కుటుంబాలు పదేళ్లు మాట్లాడుకోవు!

జంట మారితే ఆట మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఎవరు ఎప్పుడు ముందుకు రావాలి, మధ్యలో పడ్డ షటిల్ ఎవరిది, భాగస్వామి అలసిపోయాడని ఎలా కనిపెట్టాలి, ఇవన్నీ కొత్తగా కుదరాలి. వీళ్లకు ఏడాది కూడా పట్టలేదు. 2013లో గ్వాంగ్‌ఝౌలో ప్రపంచ టైటిల్. ఫైనల్లో ఓడిన డెన్మార్క్ జంటలో ఒకడు మథియాస్ బో. తర్వాతి కాలంలో మన సాత్విక్, అతని జోడీ చిరాగ్‌లకు కోచ్‌గా వచ్చింది ఆయనే. 2014లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ టైటిల్, ఆసియా క్రీడల స్వర్ణం. 2015లో మళ్లీ ప్రపంచ టైటిల్, ఈసారి సొంతగడ్డ జకార్తాలో.

2016 రియో ఒలింపిక్స్‌లో గ్రూప్ దశలోనే ఇంటికొచ్చారు. ఆ దెబ్బతో జోడీ విడిపోయింది. హెంద్రాకు అప్పటికి 32 దగ్గరపడ్డాయి. కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం మలేషియా వెళ్లి, ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆ తాన్ బూన్ హియాంగ్‌తో జతకట్టాడు. ఆసియా క్రీడల ఫైనల్లో నెట్‌కు అవతల ఉన్నవాడు ఇప్పుడు ఇవతలికొచ్చాడు. 2017లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లారు కూడా.

2018లో అహ్సాన్, హెంద్రా మళ్లీ కలిశారు. ఇద్దరూ పిల్లల తండ్రులు కాబట్టి అభిమానులు వాళ్లను 'డాడీస్' అని పిలిచేవారు. అప్పటికి ప్రపంచ నంబర్ వన్ జోడీ వాళ్ల దేశంలోనే ఉంది: కెవిన్ సంజయ, మార్కస్ గిడియన్. మెరుపు వేగం వాళ్లది. 2019లో డాడీస్ ఫైనల్‌కు చేరడం, ఆ కుర్రాళ్ల చేతిలో ఓడడం ఒక అలవాటులా అయిపోయింది. అయినా పెద్ద టైటిళ్లు మాత్రం వీళ్లకే దక్కాయి. ఆ మార్చిలో ఆల్ ఇంగ్లండ్‌లో హెంద్రా పిక్క పట్టేసింది. ఆ కాలితోనే ఫైనల్ ఆడి, మొదటి గేమ్ 11-21తో పోగొట్టుకుని, తర్వాతి రెండూ గెలిచాడు. ఏడాది చివర్లో వరల్డ్ టూర్ ఫైనల్స్ కూడా వీళ్లదే.

ఈ రెంటికీ మధ్య స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. 2019 ఆగస్టు 25. ఆ తేదీ ఇక్కడున్న అందరికీ తెలుసు, సింధు ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిన రోజు. మనం టీవీల ముందు కూర్చున్నాం. అదే రోజు, అదే హాల్లో హెంద్రా, అహ్సాన్ జపాన్‌కు చెందిన హోకి, కొబయాషిల మీద 25-23, 9-21, 21-15తో గెలిచారు. హెంద్రాకు ఆ రోజే 35 ఏళ్లు నిండాయి. ఆయనకిది నాలుగో ప్రపంచ టైటిల్. మనలో ఎంతమంది చూశారు? నా లెక్కలో ఇది బీజింగ్ స్వర్ణం కన్నా పెద్ద విజయం. మీరు ఒప్పుకోకపోవచ్చు. బీజింగ్‌లో ఆయన కాళ్లకు 23 ఏళ్లు. బాసెల్‌లో అంత పరుగు లేదు. అవతలివాడు ఎటు కొడతాడో ముందే పసిగట్టి, పరుగెత్తాల్సిన దూరాన్నే తగ్గించుకుని గెలిచాడు.

2021 ఆయనకు కష్టమైన ఏడాది. జూన్‌లో మార్కిస్ కిడో షటిల్ ఆడుతూనే కోర్టులో కుప్పకూలి చనిపోయాడు. 36 ఏళ్లు. ఆ తర్వాత ఆరేడు వారాలకే టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో మొదటి గేమ్ గెలిచి కూడా హెంద్రా, అహ్సాన్ ఓడిపోయారు. అక్టోబర్‌లో మాత్రం హెంద్రా కెప్టెన్‌గా ఇండోనేషియా 19 ఏళ్ల తర్వాత థామస్ కప్, అంటే పురుషుల జట్ల ప్రపంచ టైటిల్, గెలిచింది. డోపింగ్ నిబంధనల వివాదం వల్ల ఆ వేదిక మీద జాతీయ జెండా ఎగరలేదు, దాని స్థానంలో వాళ్ల బ్యాడ్మింటన్ సంఘం జెండా ఎగరేశారు.

మనవాళ్లు ఆయనను ఓడించిన రోజూ ఉంది. 2022 జనవరిలో ఢిల్లీలో ఇండియా ఓపెన్ ఫైనల్లో సాత్విక్, చిరాగ్ 21-16, 26-24తో గెలిచారు. అదే ఏడాది మే నెలలో బ్యాంకాక్‌లో భారత్ థామస్ కప్ గెలిచింది కూడా ఇండోనేషియా మీదే. ఆ ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో మన అర్జున్, ధ్రువ్ కపిలలను ఈ పెద్దాయన జోడీ 21-8, 21-14తో పంపించేసింది, అదీ చెప్పాలి. ఆ టోర్నీలో రజతం, వరసగా రెండేళ్లు ఆల్ ఇంగ్లండ్ రన్నరప్. 2025 జనవరిలో జకార్తాలో, ఇండోనేషియా మాస్టర్స్‌తో ఇద్దరూ కలిసే ఆట నుంచి తప్పుకున్నారు.

ఇప్పుడు స్క్రీన్ మీద బాసెల్ ఫైనల్ మూడో గేమ్ వేస్తాను. పిల్లలూ, మీకొక పని. షటిల్‌ను చూడకండి, స్మాష్ కొట్టేవాడినీ చూడకండి. నెట్ దగ్గరున్న హెంద్రా పాదాలనూ రాకెట్‌నూ మాత్రమే చూడండి. ప్రతి పాయింట్ అయ్యాక వీడియో ఆపుతాను. అవతలివాళ్లు షటిల్ ఎందుకు లేపాల్సి వచ్చిందో మీరే చెప్పాలి.